డాబే అంటే ఎడమ

నేను పగ మరిచిపోయే మనిషిని కాను. మా ఆవిడ దీన్నొక రోగం కింద జమకట్టేసింది. "పెండ్లి దినం యాదికుండదు గని, ఎవడెప్పుడేమన్నడో మాత్రం మంచిగ యాదికుంటది నీకు" అంటుంది. ఉంటుంది మరి. అందరికీ ఉంటుందనే నా అనుమానం. మిగతావాళ్ళు సిగ్గుపడి చెప్పుకోరు, నేను చెప్పుకుంటాను.

మేము కరీంనగర్ దిక్కు పల్లె నుంచి సూరత్ వచ్చేనాటికి నాకు హిందీ సగం వచ్చు, గుజరాతీ సున్నా. నాన్న ఖటోదరాలో మరమగ్గాల కార్ఖానాలో పని పట్టుకున్నాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. మేమున్న వరస గదుల్లో సగం మంది మా వైపు వాళ్ళే. పక్క గదిలో, కార్ఖానాలో మగ్గాల పని చూసుకునే మాస్టర్ కుటుంబం ఉండేది. ఆ మాస్టర్ కొడుకు నాకంటే కొంచెం పెద్ద, సూరత్‌లోనే పుట్టి పెరిగాడు. వాడు గుజరాతీ మాట్లాడుతుంటే దుకాణదార్లు తమ పిల్లాడే అనుకునేవారు. నేను వాణ్ణి అన్నా అని పిలిచేవాణ్ణి.

సలాబత్‌పురాలో ఒక సందు చివర వీడియో గేమ్ దుకాణం ఉండేది. రేకుల కప్పు, ఉక్కపోత, గోడల వెంట మిషన్లు. కాకా అని పిలిచే ఒక గుజరాతీ పెద్దాయన టోకెన్లు అమ్మేవాడు. పిల్లలంతా ఎగబడేది ఒక్క మిషన్ మీదికే. ఇద్దరు పక్కపక్కన నిలబడి, చెరొక కర్ర పట్టుకుని, బటన్లు నొక్కుతూ, తెర మీది బొమ్మలతో తన్నించుకునే కొట్లాట ఆట అది. టోకెన్ తీసి తెర అంచున పెడితే తరువాతి వంతు నీదే. గెలిచినవాడు నిలబడతాడు, ఓడినవాడు తప్పుకుంటాడు. కావాలంటే ఇంకో టోకెన్ పెట్టి మళ్ళీ వస్తాడు. అంతకు మించిన న్యాయం నాకు ఆ ఊళ్ళో ఇంకెక్కడా కనిపించలేదు.

ఆ ఆట నాకు నేర్పింది మాస్టర్ కొడుకే. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగా నేర్పాడు. నా వెనక నిలబడి, "నీ బొమ్మ ఎడమ దిక్కుంటది. అవుతలోడు కొట్టవస్తే కర్ర ఎడమకు గుంజి వట్టు, దెబ్బ తాకది. జర ఓపిక వట్టు, ఊకె బటన్లు గుద్దకు" అనేవాడు. ఎప్పుడు చెప్పినా తెలుగులోనే చెప్పేవాడు.

ఒక సెలవు మధ్యాహ్నం, ఆ దుకాణంలో అందరినీ మట్టికరిపించే ఒక పెద్ద కుర్రాడి మీద నేను దాదాపు గెలిచేశాను. ఆఖరి రౌండులో ఇద్దరి ప్రాణమూ సన్నటి గీతంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ ఎవరికి తగిలితే వాడు పోయినట్టే. దుకాణమంతా మా వెనక మూగింది. అవతలివాడి బొమ్మ కాలు చాచి గాల్లోకి లేచింది. సరిగ్గా అప్పుడు మాస్టర్ కొడుకు నా చెవి దగ్గర అరిచాడు: "డాబే! డాబే!"

గుజరాతీలో డాబే అంటే ఎడమకు అని. నాకేం తెలుసు? నాకు వచ్చిన ఆ సగం హిందీలో దబా అంటే నొక్కు అని. నొక్కమంటున్నాడు కాబోలనుకున్నాను. నొక్కాను. చేతికందిన బటన్నల్లా గుద్దాను. నా బొమ్మ ఎగిరి వెల్లకిలా పడింది. ఒక బటన్ లోపలికి దిగబడి మళ్ళీ పైకి రాలేదు. "డాబే అంటే దబా అనుకున్నాడ్రోయ్" అని ఎవడో అనగానే దుకాణం దుకాణమే పగలబడి నవ్వింది. కాకా నా చెవి మెలిపెట్టి "చల్, నికళ్" అంటూ వీధిలోకి తోశాడు, మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు. ఓడినవాడికి ఇంకో ఆట ఆడే హక్కుంటుంది కదా, నాకు అదీ దక్కలేదు.

ఆ పొద్దు గూకేసరికి మా వరసలో నా పేరు దబా అయిపోయింది. పాలకు పోతే దబా, నల్లా దగ్గరికి పోతే దబా. నాన్న కూడా నవ్వాడు. ఒకరోజు అమ్మ "ఒరే దబా, బిందె పట్టుకరా" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. అయినా మాస్టర్ కొడుకును నేను పల్లెత్తు మాట అనలేదు. ఆత్రంలో నోటికొచ్చిన భాషలో అరిచి ఉంటాడు, తప్పు నా చెవులదే అనుకున్నాను. కొన్నాళ్ళకు మేము వేరే పేటకు ఇల్లు మారాం. సలాబత్‌పురా దుకాణం కూడా మూతపడి, అక్కడ లేసుల గోడౌన్ వెలిసింది.

ఇప్పుడు నేను అదే సలాబత్‌పురాలో ఎంబ్రాయిడరీ చీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు వేస్తాను. ఆ ఆట మీద మోజు మాత్రం చావలేదు. ఆల్థాన్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తులో గేమ్ హాలు ఉందనీ, ఆదివారం పొద్దున కొట్లాట ఆటల పిచ్చోళ్ళంతా అక్కడ చేరతారనీ తెలిసి వెళ్ళాను. హాలు నిండా బొమ్మలు పట్టే గాజు పెట్టెలు, టికెట్లు కక్కే మిషన్లు. ఒక మూల మాత్రం కర్రలున్న పాత మిషన్ ఒక్కటి మిగిలింది. దాని ముందు నిలబడి ఊళ్ళోవాళ్ళకు ఉపన్యాసం ఇస్తున్నవాణ్ణి గొంతు వినగానే గుర్తుపట్టాను. మాస్టర్ కొడుకే. నాకు గడ్డం, కళ్ళజోడు, పొట్ట వచ్చాయి గనక వాడు నన్ను పోల్చుకోలేదు. డిజైనర్ అని పిలవడం మొదలుపెట్టాడు. నేనూ బయటపడలేదు. బయటపడితే మళ్ళీ ఆ పేరే కదా వచ్చి నెత్తిన కూర్చునేది.

ఆ ఆదివారాల్లో వాదనలే వాదనలు. ఏదో కొత్త కొట్లాట ఆట ముందు విదేశాల్లో ఆర్కేడ్లకు, అంటే ఇలాంటి గేమ్ హాళ్ళకొచ్చి, తరువాతే ఇళ్ళకొస్తుందని ఎవరో వార్త తెచ్చారు. ఇంకా ఆర్కేడ్‌లో ముందెందుకు, నేరుగా ఇంటికే వదలొచ్చుగా అన్నారు కుర్రాళ్ళు. నెట్‌లో ఆడుతున్నాంగా అంకుల్ అన్నారు. మాస్టర్ కొడుకు ఇంతెత్తున లేచాడు. "ఇంట గెలిసి రచ్చ గెలువాలె అంటరు గని, ఈ ఆటకు రచ్చల గెలుసుడే గెలుసుడు. పక్కనోని భుజం తాకకుంట, ఆని చెమట వాసన రాకుంట, ఇంట్ల సోఫల కూసోని ఆడేది ఆటేంది రా? అది ఆట లెక్కలకే రాదు."

వాడు చెప్పిందాంతో నేను నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను. అదే నా కడుపుమంట. ఏ వెధవో చెప్పాల్సిన మాట కాదది, నేను చెప్పాల్సింది.

ఇంకో వారం ఆర్కేడ్లు ఎందుకు చచ్చాయన్న చర్చ లేచింది. ఫోన్లు అన్నారు, కిరాయిలు అన్నారు. మాస్టర్ కొడుకు గుంపులో ఉన్న మా తెలుగువాళ్ళ వైపు తిరిగి, "ఆట రానోళ్ళు బటన్లు గుద్ది గుద్ది మిషన్లను సంపిన్రు" అంటూ ఒక ముచ్చట ఎత్తుకున్నాడు. నా ముచ్చటే. చెవి మెలిపెట్టడం దాకా అభినయించి చూపించాడు. అందరూ కడుపులు పట్టుకున్నారు. ఊపులో వాడు ఇంకో మాట జారాడు. "నా చేతిల నేర్సుకున్న పోరడు, నేను గెలువనోని మీద గెలుస్తుండు. ఊకుంటనా? ఆనికి గుజరాతీ రాదని నాకెర్కే. ఎర్కుండే డాబే అని ఒర్లిన."

ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళూ నా చెవుల్ని తిట్టుకుంటూ బతికాను. వీడు నవ్వుకుంటూ బతికాడు. అక్కడికక్కడే కాలర్ పట్టుకోవాలనిపించింది, కానీ పట్టుకుని ఏం లాభం? వాడి కథకు కొసమెరుపు దొరుకుతుంది, ఇంకాస్త నవ్వుతారు. కాదు. వీణ్ణి ఆ మిషన్ మీదే, వీళ్ళందరి ముందే ఓడించాలి. ఓడించాక నేనెవరో చెప్పాలి. ఇంకేమీ అక్కర్లేదనుకున్నాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం టైములో ఆఫీసులో కనిపించడం మానేశాను. బండేసుకుని ఆల్థాన్ వెళ్ళి ఒంటరిగా ఆడేవాణ్ణి. ఆదివారాలు మాత్రం కావాలని చేతగానట్టు ఆడి వాడి చేతిలో ఓడిపోయేవాణ్ణి. "పర్వలేదు డిజైనర్, నేర్సుకుంటవు తియ్" అని వాడు వీపు తడుతుంటే పళ్ళు బిగబట్టి నవ్వేవాణ్ణి. వాడి అలవాట్లన్నీ పట్టేశాను. కంగారుపడితే గాల్లోకి ఎగురుతాడు, ఎగిరితే మళ్ళీ ఎగురుతాడు.

ఇంతలో హాలు మేనేజరు చావు కబురు చల్లగా చెప్పాడు. పాత మిషన్ తీసేస్తున్నారు, ఆ మూల పిల్లలు దొర్లే రంగు బంతుల తొట్టి పెడతారు. వచ్చే ఆదివారమే ఆఖరు. ఆ ఆదివారం అందరూ వచ్చారు. పాత పద్ధతే, గెలిచినవాడు నిలబడాలన్నాడు మాస్టర్ కొడుకు. వాడే నిలబడ్డాడు, ఒక్కొక్కణ్ణీ పక్కకు పంపాడు. అందరూ అయ్యాక నేను వెళ్ళి వాడి ఎడమ పక్కన నిలబడ్డాను.

మొదటి రౌండు వాడు నవ్వుతూ పోగొట్టుకున్నాడు. రెండో రౌండులో నవ్వు పోయింది. భుజానికి భుజం ఆనించి నెడుతున్నాడు, "ఏంది రో, ఏంది" అని గొణుగుతున్నాడు. అనుకున్నట్టే గాల్లోకి ఎగిరాడు. నేను కర్ర ఎడమకు గుంజి పట్టాను. దెబ్బ తాకలేదు. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ గుంజి పట్టాను. నేల మీద కాలు పెట్టేలోపు కింద నుంచి ఒక్క తన్ను తన్నాను. వాడి బొమ్మ పడిపోయింది. వెనక నుంచి కేకలు.

"నాకిప్పుడు గుజరాతీ వచ్చన్నా," అన్నాను. "డాబే అంటే ఎడమ."

వాడు నా మొహంలోకి చూశాడు. గడ్డం కిందకీ, కళ్ళజోడు వెనక్కీ చూశాడు. దొరికాను. "అరె, నువ్వా!" అన్నాడు. మొహంలో రంగు మారింది. "సిన్నప్పటి ముచ్చట కదనె, గింత కాలం పట్టుకోని తిరుగుతున్నవా?"

"నువ్వు తిరగలేదా? పోయిన నెలేగా అందరికీ చేసి చూపించినవు."

ఎవరూ నవ్వలేదు. వాడు జేబులు తడుముకుని ఇంకో టోకెన్ తీసి తెర అంచున పెట్టాడు. "ఇంకొక్క ఆట. గా ఒక్కటి ఆడు."

మేనేజరు కూడా ఆడుకోండి భాయ్, తొందరేం లేదన్నాడు. నేను కర్ర వదిలేసి పక్కకు జరిగాను. ఆడనన్నాను. మా ఇంటికి రా, టీవీకి పెడతా, అక్కడ ఆడదాం అన్నాడు మాస్టర్ కొడుకు. "ఇంట్లో ఆడేది ఆట లెక్కలకే రాదంటివి గదనే" అన్నాను. ఈసారి అందరూ నవ్వారు, వాణ్ణి చూసి. ఊరంతటికీ మిగిలిన ఒకే ఒక్క మిషన్ ప్లగ్గు పీకుతుంటే, జన్మలో మొదటిసారి ఆర్కేడ్లు చచ్చిపోయినందుకు నాకు సంతోషమేసింది. వాడికిక ఇంకో ఆట లేదు. ఓడినవాడు ఓడినవాడిగానే ఉంటాడు. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ దరిద్రుడు ఆ మిషన్ ఎక్కడికి పోయిందో ఆరా తీసి, తుక్కు కొట్టు నుంచి కొనుక్కొచ్చి, బాగు చేయించి, సలాబత్‌పురాలో తను నడిపే లేసుల దుకాణంలో పెట్టాడు. మా ఆదివారం బ్యాచి అంతా ఇప్పుడు అక్కడే చేరుతోందట. లేసుల దుకాణంలో ఒక్క మిషన్ ఉంటే దాన్ని ఆర్కేడ్ అనొచ్చా అనకూడదా అని కొత్త వాదన నడుస్తోందట. ఆ వాదనలో చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. వాడు వారం వారం నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు. "రా తమ్మీ, నీ కోసమే తెచ్చిన. ఒక్క ఆట." మా ఆఫీసు నుంచి ఆ దుకాణానికి నడిచే పోవచ్చు.

"పోయి ఆడి రారాదు, ఓడిపోతవని భయమా?" అంటుంది మా ఆవిడ. ఓడిపోను, వాడి ఎగురుళ్ళు నాకు తెలుసు. ఆడాలని చేతులు లాగుతున్నాయి కూడా. కానీ ఆట అయిపోయాక, గెలిచినా ఓడినా, వాడు నా భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి నేను తీసేయలేను. అందుకే పోవడం లేదు.