నాలుగు వేళ్ల సందు

మొన్న అల్లుడు తన కారుకు కొత్త షాకప్‌లు, గట్టి స్ప్రింగులు వేయించుకొచ్చి, కిష్టారెడ్డిపేటలో వాళ్ల అపార్ట్‌మెంటు ముందు నిలబెట్టి, "అత్తమ్మా, ఇగ ఎంతమంది ఎక్కినా కుంగదు, సూడుండ్రి" అని మురిసిపోతుంటే, నేను వంగి వెనక చక్రానికీ దాని మీది రేకుకూ మధ్య చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లు పట్టాయి.

నా ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, అప్పట్లో హత్నూర దిక్కు నుంచి పటాన్‌చెరు కంపెనీలకు పొద్దుటి షిఫ్టుకు పోవాలంటే, బస్సు అందనివాళ్లకు మా ఆయన పాత కారే దిక్కు. మా ఇద్దరికీ చదువు లేదు గానీ, బరువు కొలవడానికి ఆయనకు వేళ్లుండేవి. జనం ఎక్కాక దిగి, వెనక చక్రం మీది సందులో చెయ్యి పెట్టేవాడు. రెండు వేళ్లు పడితే బండి కదిలేది, ఒక్కటే పడితే ఎక్కినవాడు ఎవడైనా దిగాల్సిందే. నా తమ్ముణ్ణే ఒకసారి అందరి ముందర దింపేశాడు. వాడు ఏడాది మా గడప తొక్కలేదు.

నాకదే తలవంపు. పక్కింటివాళ్ల బండి నిక్కి పోతుంటే మాది చూడి బర్రెలాగా నేలకు రాసుకుంటూ పోయేది. "ఏందయ్యా, ఊరంతా నవ్వుతున్నరు, జెర గట్టి స్ప్రింగులన్నా ఏపియ్యరాదు?" అని నెలల తరబడి సతాయించాను. చివరికి సంగారెడ్డిలో వేయించాడు. "అన్నా, ఇవి కుంగనియ్యవు గంతే, బండిని ఆపేది బ్రేకులే, అవి పాతయే ఉన్నయి, యాదుంచుకో" అన్నాడట బిగించిన మిస్త్రీ. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

ఇక ఏడుగురు ఎక్కినా, తొమ్మిది మంది ఎక్కినా నాలుగు వేళ్ల సందు అలాగే ఉండేది. మొదట్లో అలవాటుకొద్దీ చెయ్యి పెట్టేవాడు, తర్వాత అదీ మానేశాడు. అలక తీరిన నా తమ్ముడు ఒక పొద్దున, "ఇయ్యాల దింపవు కదా బావా" అంటూ పదకొండోవాడిగా ఎక్కాడు. పటాన్‌చెరు చేరకముందే ముందున్న లారీ ఆగింది, మా బండి ఆగలేదు. తమ్ముడు కుంటుతూ మిగిలాడు, ఆయన మిగల్లేదు.

తర్వాత బండిని చూడ్డానికి పోయాను. ముందు భాగమంతా నుజ్జయింది. వెనక మాత్రం నిక్కి నిలబడే ఉంది. వంగి చెయ్యి పెట్టి చూశాను, నాలుగు వేళ్లు.

"బ్రేకులు సూపిచ్చినవా బిడ్డా?" అన్నాను అల్లుడితో. అతనూ నవ్వాడు, ఆ రోజు మేమిద్దరం నవ్వినట్టే. ఇప్పుడు రోడ్లు నున్నబడ్డాయి, బరువెక్కువైందని వంగి చెప్పే బండ్లు పోయాయి. మమ్మల్ని చూసి నవ్విన వాడకట్టు ప్లాట్లయి, మనుషులు తలో దిక్కూ పోయారు. ఎవరి నవ్వుకు జడిసి ఆయన వేళ్లను అబద్ధం చేశానో, వాళ్ల మొహాలు కూడా నాకిప్పుడు యాదికి రావు.