తీగ లేని ఫ్లాష్, మా అవ్వ కండ్లు

చొప్పదండి బస్టాండు ఎదురుంగ యెషయన్న ఫోటో స్టూడియో. ఆ స్టూడియో అరుగు మీద నా కుట్టుమిషను. ఇరువై ఏండ్ల సంది గా అరుగు మీదనే కూసున్న. ఎవరి పెండ్లిల ఎవరు అలిగిండ్రో, ఏ పెండ్లిపిల్లగాడు బాసింగం కిందనే కునుకు తీసిండో, ఫోటో ఎండక ముందే నాకు ఎరుకైతది. గందుకే యెషయన్న గురించి నేను చెప్తెనే సక్కగుంటది. కొమురెల్లి జర ఎక్కువ చెప్తడని మంది అంటరు. అననియ్యి. తక్కువ చెప్పెటోని మాట ఎవలు ఇంటరు?

యెషయన్న తండ్రి మెథడిస్టు గుడిల గంట కొట్టెటోడు. ఆయన కొడ్తె ఊర్లె బర్లు సుత లేచి నిలవడేటియి. కొడుక్కు గంట అబ్బలే, ఫోటో అబ్బింది. కరీంనగర్ల ఒక స్టూడియోల ఆరేండ్లు చీకటి అర్రల ఫోటోలు కడిగి కడిగి, ఎండకొస్తె గుడ్లగూబ లెక్క కండ్లు చిట్లించేటోడు. డెబ్బైల వచ్చి ఇక్కడ సొంతంగ బోర్డు వెట్టిండు.

ఆయనకు ఒక్కటే పట్టు. ఫ్లాష్ కెమెరా మీద ఉండద్దు. "ముంగట్నించి కొడ్తె మొఖం అప్పడమైతది తమ్మీ. పక్కకెల్లి కొడ్తెనే ముక్కు ముక్కు లెక్క కనవడ్తది" అనెటోడు. గందుకని ఆయన భార్య ప్రేమమ్మ వదినె ఫ్లాష్ పట్టుకోని పక్కకు నిలవడేది. కెమెరాకు, ఫ్లాష్‌కు నడుమ బారెడు తీగ. పెండ్లిళ్లల్ల ఆలు మొగలు ఇద్దరు చెరో కొసకు.

"ఏం యెషయా, ఆలిని కట్టేసుకొచ్చినవా?" అని మంది నవ్వెటోళ్లు.

"కట్టేసింది నేను. గుంజితె ఎట్ల వస్తడో సూడుండ్రి" అనేది వదినె.

ఒకపారి జగపతిరావు దొర బిడ్డ పెండ్లిల గా తీగకు కాలు తట్టి, వంటాయన పప్పుచారు గంగాళంతోని బోర్ల వడ్డడు. చారు కరీంనగర్ రోడ్డు దాక పారింది. నేను తగ్గించే చెప్తున్న.

ఇగ మా బాపు సంగతి. బాపు గా దొర దగ్గరనే జీతమున్నడు. డెబ్బై రెండుల పాము కరిచి పోయిండు. పానమున్నప్పుడు ఒక్క ఫోటో దిగలే. గప్పుడు అందరికి గంతే, మనిషి పోయినంకనే ఫోటో యాదికొచ్చేది. బాపుకు తానం చేపిచ్చి, కొత్త రుమాలు సుట్టి, కుర్చీల కూసోవెట్టి, ఎనుకనుంచి భుజాలు నేను వట్టుకున్న. యెషయన్న తీసిండు. "అన్నా, కండ్లు తెరిచినట్టు చెయ్యే" అని నేనే బతిలాడిన. గా రోజులల్ల ఫోటో మీద బురుసుతోని కండ్లు గీసెటోళ్లు. యెషయన్నేమో పానమున్నప్పుడు బాపు కండ్లు దగ్గరికెల్లి ఎన్నడు సూడలే. స్టూడియోల పెద్ద ఫోటో ఒక్కటే ఉండె, జగపతిరావు దొరది. దాన్ని ముంగట వెట్టుకోని గీసిండు.

ఫోటో ఇంటికొచ్చింది. మొఖం బాపుది, కండ్లు దొరవి. మా అవ్వ చంద్రవ్వ సూసుడుతోనే నెత్తి మీదికి కొంగు గుంజుకున్నది.

"కొమురెల్లీ, గిది మీ బాపు కాదురా. దొర మనింట్ల జొర్రిండు."

దొర ముంగట ఆడోళ్లు నెత్తిమీద కొంగు లేకుంట నిలవడెటోళ్లు కాదు. గప్పటి సంది అవ్వ గా గోడ ముంగటికెల్లి పోతె కొంగు కప్పుకునుడు, తలకాయ దించుకునుడు. గా అర్రల బువ్వ సుత తినకపోయేది. మొగని ఫోటోకు జడిసె ఆడిది దునియాల ఇంకోతి ఉంటె నాకు సూపెట్టుండ్రి. ఊరంత నవ్విండ్రు, నేను సుత నవ్విన. యెషయన్న ఒక్కడే నవ్వలే. "నీ బాపు కండ్లు నేనే ఖరాబు చేసిన తమ్మీ" అని ఎప్పుడు కలిసినా గదే మాట.

ఎనభై తొమ్మిదిల అవ్వకు ఆయాసం వట్టుకున్నది. నాలుగడుగులేస్తె కూలవడేది. ఒక దినం నన్ను పిలిచి అన్నది, "ఒరేయ్, నన్ను మీ బాపు లెక్క కుర్చీల కూసోవెట్టి తియ్యకుండ్రి. నాకు ఎవని కండ్లు వెడ్తరో. నా కండ్లు నాకుండంగనే తీపియ్యి." గంతే అడిగింది. పట్టుచీర అడగలే, పైడి అడగలే.

తీపిద్దామంటె ఏమైంది? వదినె ఫ్లాష్ లేపుడుతోనే అవ్వ కండ్లు గట్టిగ మూసుడు. మెరుపు మీద వడ్డట్టయితదట. వెయ్యి ఫోటోలు తీసినం, కొన్ని తక్కువైతె కావచ్చు. అన్నింట్ల మూసిన కండ్లే. ఆఖరుకు అవ్వ ఏడ్సింది. "ఇగ నాకు దొరసాని కండ్లే గతి."

గా మాటకు యెషయన్న రెండు దినాలు బువ్వ తినలే. వదినెనే ఉపాయం చెప్పింది. "ఆమె నిన్ను సూస్తలేదయ్యా, నా చెయ్యిని సూస్తంది. నేను లేపితె మూస్తది. నేను లేకుంట, తీగ లేకుంట ఫ్లాష్ కొట్టు."

వదినె తమ్ముడు అబ్రహాం దుబాయ్‌ల పని చేస్తుండె. గాయన తెచ్చిన బొమ్మ కారొకటి ఇంట్ల ఉండె. చేతిల డబ్బీ నొక్కితె కారు దూరంగ ఉరికేది. యెషయన్న గా కారు పొట్ట చీరిండు. కరీంనగర్ల రేడియో మెకానిక్ దగ్గర నాలుగు దినాలు కూసోని, ఒక డబ్బీ కెమెరాకు, ఒక డబ్బీ ఫ్లాష్‌కు తలిగిచ్చుకోని వచ్చిండు. ఇక్కడ మీట నొక్కితె అక్కడ ఫ్లాష్ కొట్టుడు. నడుమ గాలి తప్ప ఏం లేదు! పోలీసోళ్ల వైర్‌లెస్ మన ఊర్లెకొచ్చిందని నేను సాటింపు వేసినట్టు చెప్పిన.

అవ్వను రిక్షాల తెచ్చినం. స్టూడియోల దర్వాజకాడ, బజారు దిక్కు మొఖం చేసి కూసోవెట్టినం. ఫ్లాష్‌ను పరదా ఎనుక దాచి తెల్లసున్నం గోడ దిక్కు తిప్పిండు యెషయన్న. గోడకు తలిగి మెల్లగ మొఖం మీద వడ్తదట. ప్రేమమ్మ వదినె రెండు చేతులు కనవడేటట్టు అవ్వ కాళ్లకాడ కూసోని ముచ్చట వెట్టింది. అంత తయ్యార్.

గప్పుడే బయట బుచ్చిరాములు, కల్లు కుండలు కట్టిన తన మోపెడ్‌కు కిక్కు కొట్టిండు. లోపట ఫ్లాష్ ఫట్టుమన్నది. అవ్వ కండ్లు మూసింది.

"నేను నొక్కలే!" అన్నడు యెషయన్న.

ఇంకో కిక్కు. ఇంకో మెరుపు. బండి ప్లగ్గుల నిప్పురవ్వ లేసినప్పుడల్ల, రేడియోల గరగర లెక్క గాలిల వచ్చి తలిగితె, మా డబ్బీ తనను పిలిచిండ్రనుకుంటంది. యెషయన్న మొఖం మాడింది. "దండుగ తమ్మీ. పెద్దవ్వను ఊకెనే పరేషాన్ చేసిన. తీసేస్త."

"ఆగయ్యా" అన్నది వదినె.

అవ్వ ఒక కన్ను తెరిచింది. "మబ్బు లేదు, వాన లేదు, ఏందే ప్రేమమ్మా గీ మెరుపులు?"

"బుచ్చిరాములు కిక్కు కొడ్తె మెరుస్తంది అత్తా."

అవ్వ రెండో కన్ను తెరిచి బజార్లకు సూసింది. బండి స్టార్ట్ అయితలేదు. వాడు కొట్టుడు, గిక్కడ మెరుసుడు. "అబ్బ! వాని కల్లుకు గంత తాకతున్నదా? కొట్టురా బుచ్చిగా, ఇంకోటి కొట్టు!" అని పకపక నవ్వింది. నవ్వి నవ్వి నెత్తిమీది కొంగు భుజం మీదికి జారింది. ఎన్ని మెరుపులని భయపడ్తది? ఇడిసిపెట్టింది. గా నడుమ యెషయన్న ఎప్పుడు నొక్కిండో నాకు సుత తెల్వలే. ఏ మెరుపు కల్లుదో, ఏ మెరుపు కెమెరాదో.

ఫోటో కడిగి మా ఇంటికి తెచ్చిండు. మా అవ్వ. నెత్తిన కొంగు లేదు. కండ్లు మాత్రం, దీపంతలు వెట్టినట్టు.

"పెద్దవ్వా, కొమురెల్లి కండ్లు సూసి పెద్దనాయినకు సుత మల్ల గీస్త. గా ఫోటో నాకియ్యి" అన్నడు యెషయన్న.

అవ్వ బాపు ఫోటో దిక్కు సూసింది. "వద్దు కొడుకా. గా కండ్లు గట్లనే ఉండనియ్యి. నన్ను ఎదురు గోడకు కొట్టు."

కొట్టినం. గా దినం అవ్వ గా అర్రలనే కూసోని బువ్వ తిన్నది, కొంగు భుజం మీదనే.

తొంభై రెండుల అవ్వ పోయింది. కుర్చీ ఎవలు తేలే. చావింటికి యెషయన్న కెమెరా లేకుంట వచ్చుడు అదే మొదటిసారి. వదినె మా ఇంటిదాన్ని పట్టుకోని ఏడ్సింది. గప్పటి సంది ఇద్దరి బట్టలు నేనే పైసలు తీసుకోకుంట కుడ్తున్న. యెషయన్న లొల్లి చేస్తడు, నేను ఇనను.

అవ్వ ఫోటో ఎదురుంగ ఉన్నప్పటి సంది బాపు ఫోటోల దొర కండ్లు రోజు జరంత కిందికి దిగుతున్నయని నేను అంట. "ఫోటోల కండ్లు కదలవు తమ్మీ" అంటడు యెషయన్న.

అననియ్యి. తీసింది ఆయన. రోజు సూసెటోన్ని నేను.