మంచం గుర్తు జీపులో నేను చేసిన తర్జుమా

దయ్యాలు, పూనకాలు అంటే నాకు మొదట నవ్వు, ఆ తర్వాత ఒళ్లుమంట. ముప్పై ఏళ్లుగా సరిహద్దు అవతల కిరండూల్‌లో మైక్‌సెట్లు అద్దెకిచ్చి బతుకుతున్నవాణ్ని. గాల్లోంచి ఏదో గొంతు వినిపించిందని ఎవరైనా అంటే, ముందు ఏ వైరు ఊడిందో చూడు నాయనా అనే రకం. కాబట్టి ఇది చదివి నన్ను వెర్రివాడి కింద జమకట్టేవాళ్లతో నాకు పేచీ లేదు. ఆ ఏప్రిల్‌కి ముందైతే నేనూ అదే పని చేసేవాణ్ని.

మొన్నటి పార్లమెంటు ఎన్నికల్లో ఒక రిటైరైన టీచరమ్మ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. అందరూ దీదీ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆవిడకి వచ్చిన గుర్తు మంచం. పెద్ద పార్టీలవాళ్లు హెలికాప్టర్లలో దిగుతుంటే మేం ముగ్గురం పాత జీపులో తిరిగేవాళ్లం. దీదీ, డ్రైవర్ సోము, నేను. గుర్తు జనానికి తెలియాలి కదా, జీపు పైన ఒక నులక మంచం కట్టుకున్నాం. చూసినవాళ్లు సామాను మారుస్తున్నారేమో అనుకునేవారు.

నన్ను పెట్టుకున్నది మైకు కోసమే కాదు, తర్జుమా కోసం కూడా. ఎర్రబోరు వైపు మాట్లాడే దోర్లీ భాష నాకు కొట్టిన పిండి, సగం తెలుగే. అడవి లోపలి ఊళ్లల్లో మాత్రం గోండీ. "గోండీ వచ్చా?" అని దీదీ అడిగితే "ఎందుకు రాదు దీదీ!" అనేశాను. నిజానికి రాదు. సంతలో చింతపండు బేరమాడేంత వచ్చు, అంతే. దీదీ మాటల్ని ఆ నాలుగు ముక్కలతోనే నెట్టుకొచ్చేవాణ్ని.

అయితే నా దగ్గరొక కిటుకు ఉంది. గోండీలో ఎవరైనా ముసలివాళ్లు లేచి గబగబా మాట్లాడితే, శ్రద్ధగా తలాడించి, "బోరింగు పాడైందట దీదీ, బాగుచేయించమంటున్నారు" అని హిందీలో చెప్పేసేవాణ్ని. ఏ ఊళ్లోనైనా అడిగేది దాదాపు అదే కాబట్టి ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం మహా తెలివైనవాణ్ని అనుకున్నాను.

చింతలనార్ వైపు వెళ్లిన రోజు మిట్టమధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో ఆగాం. ఇప్పపువ్వు ఏరుకునే రోజులు. జనమంతా చెట్ల కిందే ఉన్నారు. పట్టుమని ఇరవైమంది కూడా పోగవలేదు. అక్కడ పది నిమిషాలు మాట్లాడి వారపు సంతకు పరుగెత్తాలి. మాకు ఆ సంతే ప్రాణం. అన్ని ఊళ్లవాళ్లూ ఒకేచోట దొరికేది అక్కడే, మళ్లీ పోలింగులోపు ఇంకో సంత లేదు.

దీదీ మాట్లాడడం అయ్యాక ఒక ముసలామె లేచింది. ఒళ్లోని పువ్వుల బుట్ట పక్కన పెట్టి, ఊరివైపు చెయ్యి చూపిస్తూ గోండీలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మామూలుగా తలాడించి, బోరింగు సంగతి చెబుదామని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

నా నోట వచ్చింది వేరు. "దీదీ, వాగు అవతల ఒక పిల్ల నొప్పులు పడుతోంది. నిన్న సాయంత్రం నుంచి. ఇంట్లో ఎవరూ లేరు. నీలం పరదా కట్టిన గుడిసె. బిడ్డ అడ్డం తిరిగింది. ఇప్పుడే పోవాలి."

నా గొంతే, నేను ఎప్పుడూ మాట్లాడే హిందీయే. కళ్లు తిరగలేదు, ఒళ్లు తేలిపోలేదు. చెబుతున్నంతసేపూ నేను తర్జుమా చేస్తున్నాననే అనుకున్నాను. అదీ నాకు మింగుడుపడని సంగతి.

దీదీ ఒక్క క్షణం కూడా సంత గురించి ఆలోచించలేదు. సోము జీపు తీశాడు. వాగులో నీళ్లు లేవు కానీ ఇసకలో చక్రం దిగబడుతుందని ఒడ్డునే ఆపాడు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, కాలే ఇసకలో మా అందరికంటే ముందు నడిచారు. ఊరివాళ్లు ఏమీ అర్థంకాక మా వెనకే వచ్చారు.

నీలం పరదా ఉంది. లోపల ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల, నోట్లో గుడ్డ కుక్కుకుని, పిడికిళ్లు బిగించి పడి ఉంది. మొగుడు మిరప కోతలకి భద్రాచలం అవతలికి పోయాడట. అత్త మూడు రోజులుగా దూరంగా ఇప్పచెట్ల దగ్గరే ఉందట.

జీపు పైనుంచి మంచం దింపాం. ఆ పిల్లను దానిమీద పడుకోబెట్టి వాగు దాటించి జీపు దాకా నలుగురం మోశాం, ఒక కోడు నేను పట్టుకున్నాను. ఆసుపత్రికి చేరేసరికి మూడయింది. ఇంకో గంట ఆగితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అంది. ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని సోము వసారాలోనే కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

సోముకి ప్రతి సభా ఫోన్లో వీడియో తీసే అలవాటు. ఆ సాయంత్రం అక్కడి నర్సుకి చూపించాడు. ఆమె దోర్నపాల్ అమ్మాయి, తెలుగూ గోండీ రెండూ వచ్చు. రెండుసార్లు విని నావైపు అదోలా చూసింది.

"ఏందన్నా ఇది? ఆ ముసలామె బోరింగు గురించే చెప్తాంది. హ్యాండిల్ ఇరిగిందంట. కాన్పు మాటే లేదు గదా!"

ఇంకోసారి వినమన్నాను. ఎన్నిసార్లు విన్నా బోరింగే.

అప్పుడు దీదీకి నా బండారం మొత్తం చెప్పేశాను, గోండీ రాదని, ఊళ్లన్నిటికీ ఒకే తర్జుమా చదివానని. తిడతారనుకున్నాను. "సత్యం భయ్యా, నువ్వు గోండీ మాట్లాడితే వాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదటిరోజే చూశాను" అన్నారు. ఆ పిల్లను మా గుర్తయిన మంచం మీద మోసుకుపోయి ఓట్లడుక్కున్నామని మామీద ఎవరో ఫిర్యాదు రాశారు. ఎన్నికల్లో ఓడిపోయాం. మరుసటి వారం దీదీ బోరింగు మేస్త్రీని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లి హ్యాండిల్ వేయించారు.

ఆలోచించని కారణం లేదు. ఆ ఊరికి అంతకుముందు ఎన్నడూ పోలేదు. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు, సోము సాక్షి. సభ జరిగిన చోటికి ఆ గుడిసె కనపడదు. ఊరివాళ్లకే తెలియని సంగతి నాకెలా తెలుస్తుంది? ఎండ దెబ్బ అంటారా, ఎండ దెబ్బకు పరదా రంగు తెలుస్తుందా? ఎవరికి దండం పెట్టాలో తెలియక రోజూ పొద్దున ఊరికే చేతులు జోడిస్తున్నాను. మా ఆవిడ వింతగా చూస్తుంది. చూడనీ.

వానాకాలం మొదట్లో ఆ పిల్ల, ఆమె మొగుడు బిడ్డనెత్తుకుని కిరండూల్‌లో నా షాపు వెతుక్కుంటూ వచ్చారు. ఆమె బిడ్డను నా ఒళ్లో పెట్టి, గోండీలో ఏదో అడిగింది. మిరప కోతల పుణ్యమా అని మొగుడికి తెలుగు వచ్చు.

"అన్నా, మా ఇంటామె అడుగుతాంది. గుడ్డ నోట్ల కుక్కుకున్నదంట, ఒక్క కేక గూడ ఎయ్యలేదంట. లోపల ఉన్నదని నీకెవ్వరు చెప్పిండ్రని."

ఆమె నా మొహంలోకే చూస్తోంది. బిడ్డ నా వేలు పట్టుకుంది.

"నాకు తెలియదు తల్లీ" అన్నాను. అతను ఆ మాటను గోండీలో ఆమెకు చెప్పాడు.