గడిలో ఇరుక్కున్న రాజు

తిరుపతిసామి చెవిలో ‘చెక్’ అనే మాట పడిందంటే అన్నవాడి పని అయిపోయినట్టే. అక్కడికక్కడే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెడతాడు. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎన్నడూ పూర్తిచెయ్యడు.

చేసిన ఉద్యోగం అలాంటిది మరి. బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఇన్‌స్పెక్టరు. ఒకసారి కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సులో టికెట్టు లేని మురుగన్ అనేవాణ్ణి పట్టుకుని, “చెక్ అంటే ఏమో తెలుసునా?” అన్నాడు. దారిలో సాత్తూరు వచ్చేసరికి మురుగన్ చేతులు జోడించాడు. “సార్, జరిమానా కడతా, నన్ను దింపేయండి!”

రిటైరయ్యాక ఊరే జాగ్రత్తపడింది. ఆయన కనిపిస్తే బ్యాంకు క్యాషియరు “ఆ కాగితం ఇటివ్వండి” అంటాడు. బట్టల కొట్లో చెక్స్ లుంగీ గళ్ళ లుంగీ అయిపోయింది.

అక్క కూతురు వసంతికి మాత్రం ఈరోజు వేరే దిగులు. అమ్మ సీనియమ్మాళ్‌కి విరుదునగర్ ఆసుపత్రిలో గుండెకు స్టెంటు వేస్తారు. బస్సెక్కినప్పటినుంచి ఆవిడకి ఒకటే పని. కొంగు వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

“మామా, నీకు దండం పెడతా. ఈ ఒక్క దినం ఆ మాట ఎత్తొద్దు.”

“నేనెక్కడ ఎత్తుతానే? ఎవరైనా అంటేనే కదా!”

ఆసుపత్రిలో అననివాళ్ళెవరు! నర్సు వచ్చి, “అమ్మా, బీపీ చెక్ చెయ్యాలి” అంది. వసంతి కళ్ళు మూసుకుంది.

“అక్కా, చెక్ అంటే ఏమో తెలుసునా?”

“సుమ్మా నోరు మూసుకోని ఉండరా! గుండె దడదడమంటా ఉంది నాకు.”

“ఆ పాప చేసేదీ చెక్కే, నేను బస్సులో చేసిందీ చెక్కే, లుంగీలో గళ్ళూ చెక్కే. బ్యాంకు చెక్కుని ఇంగ్లీషువాడు ఒక రకంగా రాస్తాడు, అమెరికావాడు ఇంకో రకంగా. అన్నిటికీ తల్లి చదరంగం. ఇంగ్లీషువాడికి ఫ్రెంచివాడిచ్చినాడు, వాడికి అరబ్బువాడు, అరబ్బుకి పారసీకుడు. వాళ్ళ బాసలో రాజుని షా అంటారు, ఆ షానే చెక్ అయింది. రాజు చుట్టూ శత్రువులు. ఎదుటివాడు ‘షా!’ అని అరిచినాడు. అప్పుడు రాజు…”

స్ట్రెచర్ వచ్చింది.

“మిగిలింది బయటికొచ్చినాక చెప్తాలే అక్కా.”

“ఏమిరా, వచ్చినాకనా? ఇప్పుడే చెప్పరా! నా పెళ్ళినాటినుంచి ఇదే కత!”

తలుపు మూసుకున్నాక కూడా లోపలినుంచి తిట్లు వినిపించాయి.

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. తలుపు కదిలినప్పుడల్లా వసంతి లేచి నిలబడింది. పక్క బెంచీమీద ఎవరో, “సుగర్ చెక్ చేసినారా?” అని గట్టిగా అడిగారు. తిరుపతిసామి తల తిప్పలేదు. వసంతికి అప్పుడు వేసింది అసలు భయం.

“మామా, ఏమన్నా మాట్లాడు. నాకన్నా చెప్పు, ఆ రాజు ఏమయినాడు?”

“ఏమీ కాలేదే పిల్లా. పక్క గడిలోకి జరుగుతాడు.”

“అంతేనా? దీనికా ఇన్ని యేండ్లు చంపినావు మమ్మల్ని!”

“అంతే అని తెలిస్తే మళ్ళీ నన్ను ఎతుక్కుంటా ఎవరొస్తారు?” ఆయన చూపు తలుపు మీదే ఉంది. “మీ అమ్మకి చెప్పొద్దు. అక్క అది అడిగేదానికన్నా బయటికి రావాల.”

సాయంత్రం వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచారు. సీనియమ్మాళ్ కళ్ళు తెరిచి, కూతుర్ని దాటి వెనక్కి చూసింది.

“వాడెక్కడ? ఆ రాజు ఏమయినాడో చెప్పి పొమ్మను.”

తిరుపతిసామి తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు, కళ్ళు కాస్త ఎక్కువసేపు. తర్వాత పాత ఇన్‌స్పెక్టరు గొంతు బయటికి తీశాడు.

“వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు కదక్కా. బస్సులో చెప్తా.”

“రేయ్!”

ఆ కేకకి పక్కనున్న మెషీను కుయ్యిమంది. నర్సు పరిగెత్తుకొచ్చింది. “ఏమయింది? జరగండి, నేను చెక్…”

మాట పూర్తి కాకముందే వసంతి చెయ్యి చాపి మామ నోరు మూసేసింది.