కాకి ముట్టని విస్తరి

ఖిలా వరంగల్‌లో ఎవరు పోయినా మా మేనమామ లెక్కలో అది హత్యే. అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవలలు అన్నం మానేసి చదివేవాడు. చావింట్లో అందరూ ఏడుస్తుంటే ఈయన జేబులోంచి భూతద్దం తీసి, శవం గోళ్లు చూసి, "గిది మామూలు సావు గాదు" అనేవాడు.

ఎదురింటి ముసలాయన ఎనభై దాటి పోయినా అదే మాట. మూడో రోజు ఆయనకిష్టమైన కూరతో విస్తరి పెట్టి ఇంటివాళ్లూ చుట్టాలూ దూరంగా నిలబడ్డారు. కాకి ముట్టకపోతే పోయినాయన మనసులో ఏదో మిగిలిందని మావాళ్ల నమ్మకం. ఎంతసేపటికీ కాకి వాలలేదు.

"సూశిన్రా, ముసలాయనే సాక్ష్యం చెప్తాండు. రోజూ ముద్ద పెట్టింది కోడలే గదా" అన్నాడు మామ.

మంచం పట్టిన మనిషికి రెండేళ్లు సేవ చేసిన ఆ కోడలు కూలబడిపోయింది. చుట్టాలు ఆమె వంక అదోలా చూడసాగారు.

మామ పిలిపించిన హెడ్ కానిస్టేబులు విస్తరిని చూశాడు. దాని పక్కనే భూతద్దం పట్టుకుని కాపలా కూర్చున్న మామనూ చూశాడు.

"సారూ, మీరు జర అవతలికి జరుగున్రి."

మామ లేచాడో లేదో కాకులు వాలి విస్తరి ఖాళీ చేశాయి. కోడలు కళ్లు తుడుచుకుంది. మామ మాత్రం ఆ కాకులను భూతద్దంలోంచి తేరిపార చూసి, హెడ్డు చెవిలో నెమ్మదిగా అన్నాడు:

"కాకులు గూడ వీళ్లతోని కల్సినయి. రాసుకోండ్రి."