గొట్టం వదలని చేతులు

మా ఎదురింటి సిస్టరాంటీ చనిపోయారు. మొన్న ఉదయం స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటే అమ్మ ఫోన్ చేసి, "ఇంటికి వెళ్ళిపో, ఈ రోజు స్కూలు వద్దు" అంది. ఆరు రోజులుగా ఆవిడ తాను నర్సుగా పనిచేసే ఐసీయూలోనే, రోజూ తన చేత్తో దుప్పటి సర్దే మంచాల్లో ఒకదాని మీద, తల పగిలి పడుకుని ఉన్నారు.

రోగి బంధువులు కొట్టారని, తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు లేడని మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఆ రెండో మాట కోసమే ఇది రాస్తున్నాను.

అమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందని, సాయంత్రాలు నేను ఆంటీ ఆసుపత్రిలో ఐసీయూ బయట బెంచీ మీద హోంవర్క్ చేసుకునేదాన్ని. రాగానే చేతులు కడగాలి. నేను గబగబా కానిచ్చేస్తే ఆంటీ ఊరుకునేవారు కాదు. "ఏందే, సబ్బు తాకిచ్చి దులుపుకుంటున్నవ్? గోర్ల సందుల ఎవలు కడగాలె, మీ ప్రిన్సిపాలా?"

ఆవిడ చేతికి గాజులుండేవి కావు, వాచీ ఉండేది కాదు. మోచేతి కింద ఏమున్నా దానికింద క్రిములు కాపురం పెడతాయనేవారు. పది రోజులుగా చూస్తున్న రోగినైనా, సూది వేసే ముందు పేరు అడిగేవారు. ఒక పెద్దాయన విసుక్కున్నాడు: "పొద్దున చెప్తి గద సిస్టర్, మర్శినవా?" "మర్వలేదు తాతా. పేరడిగితె నోరు నొస్తది. తప్పు మందు పోతె పానం పోతది. ఏది గావాలె?" ఆయన నవ్వి పేరు చెప్పాడు.

దెబ్బలు ఆవిడకు కొత్త కాదు. ఎడమ చేతి చిటికెన వేలు వంకరగా ఉండేది. ఎప్పుడో ఒక రోగి తాలూకు మనిషి దాన్ని తలుపు సందులో పెట్టి నొక్కాడు. నిరుడు ఇంకొకడు, బూట్లతో లోపలికి రావద్దన్నందుకు చెంప మీద కొట్టాడు. ఆంటీ చెంప తడుముకుని, "కొట్టేముందు చేతులు కడిగినవా?" అని అడిగారట. ఇది చెప్పి ఆవిడ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

ఆంటీని కొట్టిన రోజు సాయంత్రం ఒకావిడ చిన్న సీసా పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. లోపల ఆమె భర్త, గొంతులో శ్వాస గొట్టంతో ఉన్నాడు. తలుపు దగ్గరుండే గార్డు అంకుల్ అప్పుడే ఒక ముసలమ్మను చక్రాల కుర్చీలో లిఫ్టు దాకా తీసుకెళ్ళాడు.

"నీ కాళ్లు మొక్కుత బిడ్డా. ఒక్క చుక్క తీర్థం నోట్ల పోసి వస్త. గంతే. తలుపు తియ్యి."

తలుపు తెరుచుకోవడానికి నొక్కే నంబరు ఆంటీ నాకెప్పుడూ చెప్పలేదు. వేళ్ళు తగలకూడదని ఆవిడ పెన్ను వెనకవైపుతో మెల్లగా నొక్కుతుంటే చూసి నేర్చుకున్నాను. అది తెలుసని లోలోపల గర్వంగా ఉండేది. నొక్కాను.

ఆ సీసా ఆవిడ వెనకాలే వాళ్ళింటి మగవాళ్ళు ఎనిమిదిమంది దూసుకుపోయారు.

తలుపు మూసుకోలేదు. నాకన్నీ కనిపించాయి. ఆంటీ మంచానికి అడ్డం నిలబడ్డారు. "అమ్మా, గొంతుల గొట్టమున్నది. నీళ్లు ఊపిరితిత్తులకు పోతయి. మెలకువొచ్చినంక నేనే తాపిస్త."

"మా నాయనకు దేవుని నీళ్లు గూడ పోయనియ్యవా? నువ్వెవతివే?" అని కొడుకు జుట్టు పట్టి లాగాడు. ఇంకొకడు కడుపులో తన్నాడు. తోపులాటలో ఎవరి చెయ్యో తగిలి గొట్టం కదిలింది. ఆంటీ రోగి మీదకు వంగి, రెండు చేతులతో దాన్ని నోటి దగ్గర అదిమి పట్టుకున్నారు. ఒకడు ఎత్తిన సెలైన్ స్టాండు ఆవిడ తల మీద పడింది. మళ్ళీ పడింది. తల కాచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యలేదు. రక్తం కారి కంట్లోకి దిగుతుంటే, మూలన బిగుసుకుపోయిన కొత్త నర్సుతో అన్నారు: "గ్లౌజులేసుకొని ట్యూబ్ పట్టుకో పిల్లా. నేను పడిపోతున్న."

ఆ అమ్మాయి వచ్చి పట్టుకుంది. అప్పుడే పడిపోయారు.

ఆ రోగి బతికాడు. వార్డులో ఇడ్లీ తింటున్నాడని విన్నప్పుడు అతని మీద అసహ్యం పుట్టింది. ఆంటీ వింటే నన్ను తిట్టేవారు.

కెమెరాలో జనం వీపులే పడ్డాయట. గార్డు అంకులే తలుపు తెరిచి వదిలేశాడని ఉద్యోగం తీసేశారు, రోజూ స్టేషనుకు పిలిచి కూర్చోబెడుతున్నారు. నేను ఆరు రోజులు నోరు విప్పలేదు. కొట్టినవాళ్ళు నా ముఖం చూశారని భయం. అమ్మకు తెలుస్తుందని అంతకంటే భయం.

అంత్యక్రియలయ్యాక అమ్మకు చెప్పాను. అమ్మ "ఎంత పని చేశావే" అంది. తర్వాత, "పద, చెబుదువుగాని. నేనున్నాగా" అంది.

పోలీస్ స్టేషన్లో ఎస్సై గారికి చెప్పాను. ఆయన రాసుకున్నారు. బయట బెంచీ మీద గార్డు అంకుల్ ఉన్నాడు. యూనిఫాం లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి. గళ్ళ చొక్కాలో చిన్నగా కనిపించాడు.

"అంకుల్, తలుపు తీసింది నేను."

ఆయన నా వైపు చూడలేదు. "వారం దినాలాయె బిడ్డా. మా ఇంటామె గూడ నేనే తీసిన అనుకుంటున్నది."

నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆయన కొంచెం జరిగి, బెంచీ మీద చోటు ఇచ్చాడు. నేను కూర్చోలేకపోయాను. ఆయన మళ్ళీ వెనక్కి జరగలేదు. ఆ చోటు అలాగే ఉంది.