వరండా చట్టం

ఆ రోజు ఆ పిల్ల క్లాసులోంచి లేచి వెళ్ళిపోయింది భయపడా, భయం వదిలిపోయా? ఎటు తిప్పి చూసినా ఈ ప్రశ్న ఇప్పటికీ తేలడం లేదు. తల నెరిసిన ఈ వయసులో ఆమెనే అడిగితే, "నన్నడిగి ఏం లాభం? ఆ రోజు నడిచిన నా కాళ్ళనడగాలి" అని నవ్వేస్తుంది. నవ్వడానికి నవ్వుతుంది గానీ ఈనాటికీ లిఫ్టు ఎక్కదు. ఎన్ని అంతస్తులైనా సరే, రొప్పుతూ, ఆగుతూ మెట్లమీదే ఎక్కుతుంది.

లిఫ్టు సంగతి ముందు చెప్పుకోవాలి. ఆమె తండ్రి ఓ పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. మూలన ఒక స్టూలు మీద, గోడకు ముఖం పెట్టి, మీటలు నొక్కుతూ వయసంతా గడిపాడు. ఎవరి ఉద్యోగం ఊడబోతోందో, ఎవర్ని ఎక్కడికి తోసెయ్యాలో ఆయన వీపు వెనకే అధికారులు తాపీగా మాట్లాడుకునేవారు. స్టూలుకు చెవులుంటాయని ఎవరనుకుంటారు? "విన్నమాట విన్న అంతస్తులోనే దిగిపోవాలి. నా వెంట ఇంటికి రాకూడదు" అనేవాడాయన.

పక్క లిఫ్టు నడిపే స్నేహితుడు ఒకసారి ఎవరో పై అధికారి మాటకు వెనక్కి తిరిగి ఏదో జవాబు చెప్పాడట. మర్నాడు ఆ స్టూలు మీద వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. పాతాయన ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. తండ్రీ అడగలేదు. భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన చివర్లో ఒక్కసారి వీధి తలుపు వైపు చూసేవాడు. పిల్లకు కథకన్నా ఆ చూపే వంటబట్టింది.

యూనివర్సిటీలో చేరేటప్పుడు ఏ సబ్జెక్టు తీసుకోవాలో తోచక కిటికీ దగ్గర నిలబడితే, గుమాస్తా విసుగ్గా, "రాజనీతి సిద్ధాంతం తీసుకోమ్మా. లెక్కలుండవు, ప్రయోగాలుండవు. కూర్చుని వింటే చాలు" అన్నాడు. వినడం ఒక్కటే తనకు బాగా వచ్చిన విద్య. తీసుకుంది.

తండ్రి సంతోషించాడు. "చదువు సాగితే సరే తల్లీ. సాగలేదనుకో, దిగులు పడకు. నేను దిగిపోయాక ఆ స్టూలు నీకే ఇస్తామని మేనేజరు గారు మాటిచ్చారు" అన్నాడు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు పాపం. ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకు కలల్లో ఇనుప తలుపులు ముఖం మీదే మూసుకునేవి.

క్లాసు గది మేడమీద, వరండా చివర. మెట్లు మెట్లుగా బెంచీలు, కిర్రుకిర్రుమనే ఫ్యాను, వరండాలోకి తెరుచుకునే వెడల్పాటి కిటికీ. పాఠం చెప్పే సార్ వయసు మళ్ళిన మనిషి, ఆయాసం. పుస్తకం తెచ్చేవారు కాదు. మొదటి రోజే బల్లకు ఆనుకుని, "ఈ ఏడాదికి ఈ గదే మనకు రాజ్యం. చట్టాలు మీరే చెయ్యండి, మీరే అమలు చెయ్యండి. నేను పాఠం చెప్పి, మీరు రాసిన హాజరు మీద సంతకం పెట్టి పోతాను. రాజ్యం అంటే ఏమిటో పుస్తకంలో చదివితే ఒంటికి తగలదు" అన్నారు.

పిల్లలు రెచ్చిపోయారు. మొదటి బెంచీ కుర్రాడొకడు, మైకు అక్కర్లేని గొంతు, అందుకే లౌడ్‌స్పీకర్ అని పేరు పెట్టారు, చట్టాల పని తలకెత్తుకున్నాడు. ఆలస్యంగా వస్తే నిలబడాలన్నాడు, చేతులు లేచాయి. పక్కవాడితో గుసగుసలాడితే బెంచీ మారాలన్నాడు, లేచాయి. ఆ ఊపులోనే మూడోది పడేశాడు.

"కొంతమంది ఉన్నారు సార్, ఉలకరు పలకరు. మనం గొంతు చించుకుని రాజ్యం నడపాలి, వాళ్ళు మాత్రం చల్లగా ఫ్యాను కింద కూర్చోవాలి. వరసగా మూడు క్లాసులు నోరు విప్పనివాళ్ళు వరండాలోకి పోవాలి. హాజరు లేదు. మళ్ళీ లోపలికి రావాలంటే మనమంతా ఒప్పుకోవాలి!"

గది గొల్లుమంది. చేతులు లేచాయి. ఆమె కుడిచేతి పక్క లేచింది, ఎడమచేతి పక్క లేచింది. తన చెయ్యి ఒక్కటే ఒళ్ళో ఉండిపోతే అందరూ చూస్తారు. చూస్తే, ఎందుకెత్తలేదని అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. ఆ ఒక్క జవాబు చెప్పాల్సి వస్తుందన్న భయంతో చెయ్యెత్తేసింది. దించిన తర్వాత గానీ అర్థం కాలేదు, తన మెడకు తనే ఉరి బిగించుకుందని.

వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చునే ఒక పెద్దాయన కూడా చెయ్యెత్తాడు. అందరికన్నా వయసులో చాలా పెద్ద, మరమగ్గాల మిల్లులో పని మానేసి చదువుకోవడానికి వచ్చాడు. మగ్గాల మోతకు చెవులు పోయాయి. క్లాసంతా బాబాయ్ అనేవారు. దగ్గరగా, నిదానంగా చెబితే పెదాలు చూసి పోల్చుకునేవాడు. చెయ్యి దించాక ఆమె వైపు వంగి, "ఏమంటున్నారమ్మా? దేనికీ చేతులు?" అని అడిగాడు.

చెప్పొచ్చు. నాలుగు ముక్కలు. కానీ గుసగుసలాడితే బెంచీ మారాలి, అంటే అందరి ముందూ లేవాలి. "ఏం లేదు బాబాయ్" అన్నట్టు తలూపింది. ఆయనా నమ్మకంగా తలూపాడు.

మధ్యలో జ్వరం తగిలి ఒక క్లాసుకు పోకపోవడంతో ఆమె వంతు ఒక క్లాసు వెనక్కి జరిగింది. ముందు బాబాయ్ వంతే వచ్చింది. లౌడ్‌స్పీకర్ లేచి ఆయన వైపు చూపించి, తలుపు వైపు చూపించాడు. ఆయన ముందు నవ్వాడు. ఏదో వేళాకోళం అనుకున్నాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె బల్లమీది గీతలు చూస్తూ కుక్కిన పేనులా కూర్చుంది. సార్ ఏదో అనబోయి, "చట్టం మీదయ్యా" అని కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. బాబాయ్ సంచీ సర్దుకుని మెల్లిగా బయటికి నడిచాడు.

వరండాలో కిటికీకి ఎదురుగా ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చుని, కిటికీలోంచి సార్ పెదాల వంక చూస్తూ ఉండిపోయాడు. సార్ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఆయన మెడ కూడా అటే సాగేది.

ఇక ఆమె వంతు. మరుసటి క్లాసు. నోరు విప్పకపోతే వరండా, హాజరు పోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే స్టూలు. మధ్యలో ఆగే మజిలీ ఏదీ కనిపించలేదు.

ముందు బెంచీ అమ్మాయి ఆమెకు ఒక్కతే స్నేహితురాలు. ఎప్పుడు చూసినా నోట్లో ఏదో ఒకటి కరకరలాడుతుంటుంది కనుక బిస్కెట్టు అనేవారు. మెట్లమీద కూర్చోబెట్టి ఉపాయం చెప్పింది.

"ఇదిగో విను. లేచి, 'సార్, రాజ్యం ముందా, చట్టం ముందా?' అని అడుగు. అంతే. ఇక గంట కొట్టేదాకా ఆయనే మాట్లాడతాడు. నువ్వు గండం గట్టెక్కినట్టే."

"గొంతు రాకపోతే?"

"రాకపోవడం ఏమిటే? ఇప్పుడు నాతో వస్తోంది కదా!"

"నువ్వు అందరూ కాదుగా."

"అబ్బ, అందరూ అంటే ఎవరే? నాలాంటివాళ్ళో యాభైమంది, అంతే" అని బిస్కెట్టు ఇంకోటి నోట్లో వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు మాటున ఆ వాక్యం వల్లె వేసింది. బయట తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ తండ్రి తలుపు తట్టాడు.

"ఎవరితోనే మాటలు?"

"క్లాసులో మాట్లాడాలి నాన్నా. అలవాటు చేసుకుంటున్నా."

"దేని గురించి?"

"రాజ్యం గురించి."

"రాజ్యం గురించా! ఇంకేం దొరకలేదా తల్లీ? వానల గురించో, పంటల గురించో మాట్లాడకూడదూ?" అన్నాడు తండ్రి.

"అందులో తప్పేం లేదు నాన్నా. పాఠమే."

"పక్క లిఫ్టాయన కూడా తప్పేం అనలేదు" అన్నాడు. ఆమె తలుపు తీసేసరికి ఆయన వీధి తలుపు గడియ సరిచూస్తున్నాడు.

క్లాసులో అడుగు పెట్టగానే లౌడ్‌స్పీకర్ అందుకున్నాడు. "ఏం మూగనోమూ! ఇవాళ నోము విడుస్తావా, వరండాకి నడుస్తావా?" అందరూ నవ్వారు. ఆమె వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. పక్కన బాబాయ్ చోటు ఖాళీ.

ఆ రోజు పాఠం సమ్మతి గురించి. సార్ ఆయాసపడుతూ చెబుతున్నారు. "మీరు ఈ రాజ్యం రోడ్లమీద నడుస్తారు. దీని దీపాల కింద చదువుకుంటారు. ఒప్పుకుంటున్నామని ఏనాడూ సంతకం పెట్టలేదు, నిజమే. కానీ కాదనకుండా ఉన్నారు కదా, ఉన్నారంటే ఒప్పుకున్నట్టే అని కొందరి వాదన. ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చుగా అంటారు వాళ్ళు."

బిస్కెట్టు వెనక్కి తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. లేవవే, అని.

ఆమె లేచింది. మోకాలు బల్లకు తగిలి టప్పున చప్పుడైంది. వాక్యం నాలుక చివరనే ఉంది. రాజ్యం ముందా. నోరు తెరిచింది. అప్పుడు కిటికీ కనిపించింది. అవతల బాబాయ్ ఆమెనే చూస్తున్నాడు. పోల్చుకోవాలని ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"సార్," అంది. "బాబాయ్... ఒప్పుకున్నట్టేనా?"

"ఎవరు?"

"బయట కూర్చున్నాయన. ఆయనకా చట్టం వినపడలేదు సార్. అందరూ ఎత్తారని చెయ్యెత్తారు. దేనికని నన్నడిగారు. నేను... చెప్పలేదు."

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. సార్ బల్లకు ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డారు.

"మరి నువ్వు ఎత్తావా అమ్మా?"

"ఎత్తాను సార్."

"ఎందుకు?"

"భయమేసి."

ఎవరో కిసుక్కున నవ్వి, తోడెవరూ రాకపోయేసరికి ఆపేశారు. లౌడ్‌స్పీకర్ గొంతు మొదటిసారి తగ్గింది. "సరే సార్, ఆమె మాట్లాడిందిగా. చట్టం ప్రకారం హాజరు పడింది. కూర్చోవచ్చు."

"కూర్చోమ్మా" అన్నారు సార్. "మంచి ప్రశ్న. దాని గురించి మాట్లాడుకుందాం."

గండం గడిచింది. బిస్కెట్టు సంతోషం పట్టలేక బల్లమీద వేళ్ళతో దరువేస్తోంది. ఇక కూర్చుంటే చాలు, స్టూలు లేదు, ఇనుప తలుపులు లేవు. ఆమె బెంచీ వైపు చూసింది. కూర్చుంటే మళ్ళీ అందరితో పాటు ఉన్నట్టే. సార్ ఇంకేం అడుగుతారో. రేపు ఎవరిమీద చేతులు లేస్తాయో, తన చెయ్యి లేవకుండా ఉంటుందో లేదో. ఆమె కాళ్ళు బెంచీలోంచి పక్కకు జరిగాయి.

సంచీ భుజానికి తగిలించుకుంది. "ఎక్కడికే?" అంది బిస్కెట్టు. మెట్టు మెట్టూ దిగి, సార్ పక్కనుంచి, తలుపులోంచి బయటికొచ్చింది. ఎవరూ ఆపలేదు. అలా వెళ్ళేవాళ్ళను ఆపే చట్టం ఏదీ వాళ్ళు చెయ్యలేదు.

వరండాలో బాబాయ్ ఆత్రంగా తలెత్తాడు. "నా పేరేదో అన్నావు కదమ్మా? ఏమన్నారు సార్? రమ్మన్నారా?" అంటూ తన సంచీ ఒళ్ళోకి తీసుకుని బెంచీ మీద చోటు చేశాడు. ఆమె ఆ చోటు చూసింది. ఆయన ముఖం చూసింది. ఈసారి చెప్పాల్సిన నాలుగు ముక్కలూ సిద్ధంగా ఉన్నాయి. గుసగుసల చట్టం ఇక్కడ లేదు.

కిటికీ అవతల తలలన్నీ ఇటే తిరిగి ఉన్నాయి.

ఆమె పెదాలు కదిలాయి, కానీ ఆయన పోల్చుకునే మాటేదీ వాటిమీదికి రాలేదు. తల వంచుకుని మెట్లవైపు తిరిగింది. వెనకనుంచి బాబాయ్ ఏదో అడుగుతూనే ఉన్నాడు. గోడ పట్టుకుని, వెనక్కి చూడకుండా, ఎవరికీ వస్తానని చెప్పకుండా కిందికి దిగిపోయింది.